ఊళ్లో ఖాళీ స్థలం, పక్కవారి గడ్డివాము: 12 ఏళ్ల లెక్కలో ఓడిపోకుండా ఏం చేయాలి

"తెనాలి దగ్గర మా నాన్నగారి దొడ్డి ఉంది. పక్కవాళ్లు పదేళ్లుగా అందులో గేదెలు కట్టేస్తున్నారు. 12 ఏళ్లు దాటితే అది వాళ్లదైపోతుందట, నిజమేనా?" విజయవాడలోనో గుంటూరులోనో కాపురం పెట్టి, ఊళ్లో నాలుగు సెంట్లో నలభై సెంట్లో వదిలి వచ్చినవారు అడిగే ప్రశ్న ఇదే. అడిగేసరికి సాధారణంగా పదో ఏడో పదకొండో ఏడో నడుస్తూ ఉంటుంది.

జవాబు: సగం నిజం. 12 ఏళ్ల గడువు ఉంది. కానీ గేదెల్ని కట్టేసినంత మాత్రాన ఆ గడియారం తిరగడం మొదలుకాదు. నేను చూసినంతలో ఊళ్లలో స్థలాలు పోయింది చట్టం వల్ల తక్కువ, మొహమాటం వల్ల ఎక్కువ. అందుకే కోర్టు మెట్లు ఎక్కకముందే చేయాల్సిన పనుల మీదే ఇక్కడ ఎక్కువసేపు నిలుస్తాను.

1. ముందు మీ స్థలం ఏ రకానిదో తేల్చుకోండి

ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి అర్జీ పెట్టాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి.

- పట్టా పొలం: సర్వే నంబరు, అడంగల్ (పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో చూపే రెవెన్యూ రికార్డు), 1-బీ (ఒక పట్టాదారు పేరున ఉన్న భూముల చిట్టా) ఉంటాయి. రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీ నంబరు (ల్యాండ్ పార్సిల్ నంబరు) కనిపిస్తుంది. రెండు నంబర్లూ ఒకే కాగితం మీద రాసి పెట్టుకోండి.
- గ్రామకంఠం: ఊరి నడుమ ఇళ్లు, దొడ్లు ఉన్న జాగా. దీనికి అడంగల్ వెతకడం దండగ. దస్తావేజు, పంచాయతీ ఇంటి పన్ను రసీదులే ఆధారం.
- లేఅవుట్ ప్లాటు: ప్లాటు నంబరుతోపాటు ఆ లేఅవుట్ ఏ సర్వే నంబర్లలో వేశారో కూడా తెలుసుకోవాలి. రాళ్లు పీకేసిన లేఅవుట్లో ప్లాటు నంబరు ఒక్కటే చేతిలో ఉంటే హద్దు దొరకదు.
- అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది), పోరంబోకు, దేవాదాయ, వక్ఫ్ భూములు: వీటి చట్టాలు వేరు. ఈ రకాల్లో ఏదైనా అయితే కింద చెప్పిన 12 ఏళ్ల లెక్క అలాగే వర్తిస్తుందనుకోవద్దు.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో మీ నంబరు ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. పక్కవారితో తగాదాకు దిగాక, తీరా ఆ నంబరే నిషేధిత జాబితాలో ఉందని తెలిస్తే రెండు వైపులా పోరాడాల్సి వస్తుంది.

2. 12 ఏళ్ల గడియారం ఎప్పుడు తిరుగుతుంది, ఎప్పుడు తిరగదు

కాలపరిమితి చట్టం, 1963లోని 65వ అధికరణం ప్రకారం, హక్కుదారు తన స్థలాన్ని తిరిగి ఇప్పించమని దావా వేయడానికి 12 ఏళ్ల గడువు ఉంది. స్థలంలో ఉన్నవారి స్వాధీనం హక్కుదారుకు ప్రతికూలంగా మారిన రోజు నుంచి అది లెక్క. గడువు దాటితే అదే చట్టంలోని 27వ సెక్షన్ కింద అసలు హక్కే పోతుంది. కోర్టు భాషలో దీన్నే ప్రతికూల స్వాధీనం లేదా అడ్వర్స్ పొసెషన్ అంటారు.

ఈ వాదన చేసేవారు నిరూపించాల్సినవి తేలికైనవి కావు. స్వాధీనం అందరికీ తెలిసేలా ఉండాలి, మధ్యలో తెగకూడదు, 'ఇది నాది' అని అసలు యజమానికే ఎదురు నిలిచేదై ఉండాలి. బలవంతంగానో, చాటుగానో, అనుమతి తీసుకునో ఉంటే చెల్లదు. ఏ తేదీ నుంచి ఎదురు నిలిచారో కూడా చెప్పాలి. 2019 ఆగస్టులో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు, ఇలా హక్కు సంపాదించినవారు దాన్ని రక్షణగా చెప్పుకోవడమే కాదు, తామే దావా కూడా వేయవచ్చని తేల్చింది. అప్పటి నుంచి ఊళ్లలో ఈ మాట ఎక్కువగా వినిపిస్తోంది. అయితే పెరిగింది దావా వేసే వీలు మాత్రమే, నిరూపించే భారం తగ్గలేదు.

గడియారం తిరగని సందర్భాలు:

- మీరు 'వాడుకోండి' అన్న స్థలం. అనుమతితో ఉన్నవారు ఎన్నేళ్లు ఉన్నా అనుమతితో ఉన్నవారే.
- కౌలుదారు. శిస్తు ఇస్తూ సాగు చేస్తున్నంత కాలం ఎదురు నిలిచినట్టు కాదు.
- ఉమ్మడి ఆస్తిలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఒకరి స్వాధీనం అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. 'నీకు వాటా లేదు పో' అని బాహాటంగా వెళ్లగొట్టినప్పుడే సంగతి మారుతుంది.
- పూర్తిగా ఖాళీగా ఉన్న స్థలం. ఎవరూ వాడనప్పుడు స్వాధీనం హక్కుదారుదే అని కోర్టులు అనుకుంటాయి.

తిరిగే గడియారం ఆగదని చాలామందికి తెలియని సందర్భాలు కూడా ఉన్నాయి. మీరు స్థలాన్ని ఇంకొకరికి అమ్మినా లెక్క మొదటికి రాదు. తండ్రి బతికి ఉండగా మొదలైతే, ఆయన పోయాక వారసులు మైనర్లయినా ఆగదు. అన్నిటికన్నా ముఖ్యం, లాయరు నోటీసు పంపినంత మాత్రాన ఆగదు. తహసీల్దారుకు అర్జీ ఇచ్చినా ఆగదు. దావా దాఖలు కావాలి, లేదా స్థలం నిజంగా మీ చేతికి రావాలి.

ప్రభుత్వ భూమి విషయంలో ప్రభుత్వానికి ఉన్న గడువు 30 ఏళ్లు. పైగా 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద తహసీల్దారే నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చు. కాబట్టి పుంతలోకో చెరువు గట్టు మీదకో జరిగినవారు 12 ఏళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం వృథా.

3. కాగితాల కట్ట కట్టండి

ఇది ఒక ఆదివారం పని, వాయిదా వేస్తే పదేళ్ల పని.

- మీ దస్తావేజు, దానికి ముందున్న లింకు దస్తావేజులు
- ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం). రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వెతికించాలి
- పొలమైతే ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమి నుంచి అడంగల్, 1-బీ, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం). రీసర్వే అయిన ఊరైతే ల్యాండ్ పార్సిల్ మ్యాప్
- పట్టాదారు పాసు పుస్తకం
- దొడ్డి లేదా ఇంటి స్థలమైతే పన్ను రసీదులు, ఎన్ని సంవత్సరాలవి దొరికితే అన్నీ
- తండ్రి లేదా తాత పేరున ఉంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం

అడంగల్ చూసేటప్పుడు పట్టాదారు పేరు సరిగా ఉందని సంబరపడి మూసేయకండి. పక్కనే అనుభవదారు గడి ఉంటుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది. మీ పేరు ఉండాల్సిన చోట పక్క పొలం ఆయన పేరు కనిపిస్తే, వెంటనే సచివాలయంలో గ్రామ రెవెన్యూ అధికారిని కలిసి దిద్దుబాటుకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రతి పంటకూ జరిగే ఈ-పంట నమోదులో ఎవరి పేరు పడుతోందో కూడా అడగండి. ఈ నమోదుల వల్ల ఎవరికీ హక్కు పుట్టదు, నిజమే. కానీ పదేళ్లపాటు వరుసగా ఒకే పేరు ఉంటే, రేపు కోర్టులో ఆ కాగితాలే మీ ముందు పెడతారు.

ఇక పాత దస్తావేజులోని నాలుగు హద్దులు. 1968లో రాసిన దస్తావేజులో 'తూర్పు: ఫలానా సుబ్బయ్య దొడ్డి, ఉత్తరం: బజారు' అని ఉంటుంది. ఆ సుబ్బయ్య ఎవరో, ఆ దొడ్డి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చెప్పగల పెద్దవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని, ప్రతి హద్దు పేరు పక్కన నేటి యజమాని పేరు రాసుకోండి. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి. 'సుమారు 12 సెంట్లు' అని రాసిన చోట హద్దుల పేర్లే మీకు దిక్కు. ఈ పని వచ్చే సంక్రాంతికి చేద్దామనుకోకండి. ఆ పెద్దాయన ఉండాలి కదా.

4. కొలిపించండి, అదీ సరైన నెలలో

అన్ని అడుగుల్లోకీ ఇదే ముఖ్యం. హద్దు తెలియకుండా ఆక్రమణ అనడం నోటి మాటే.

ఎప్పుడు: పొలమైతే ఏప్రిల్, మే. కృష్ణా డెల్టాలో వరి తర్వాత వేసిన మినుము, మొక్కజొన్న తీసేసి ఉంటాయి, కాలువలకు ఇంకా నీళ్లు రావు. గొలుసు లాగడానికి అడ్డు ఉండదు. ప్రత్తిపాడు వైపు నల్లరేగడిలో అయితే మిరప కట్టె పీకేదాకా ఆగండి. పైరు మీద కొలతకు వస్తే పక్క రైతు ఒప్పుకోడు, ఆయన తప్పు కూడా కాదు.

ఎలా: గ్రామ సచివాలయంలో లేదా మీసేవలో హద్దుల నిర్ధారణకు దరఖాస్తు చేయాలి. ఊళ్లలో దీన్ని ఎఫ్-లైన్ దరఖాస్తు అంటారు. సర్వేయరు చుట్టుపక్కల రైతులకు నోటీసులిచ్చి, రికార్డులోని కొలతలతో పోల్చి కొలుస్తారు.

కొలత రోజున:

- నాలుగు వైపుల పొరుగువారిని మీరు కూడా స్వయంగా పిలవండి. నోటీసు అందలేదన్న మాట తర్వాత వినపడకూడదు
- కొలత ఏ స్థిర బిందువు నుంచి మొదలవుతోందో చూడండి. మూడు సర్వే నంబర్లు కలిసే చోటి పాత రాయి, గ్రామ పటంలో ఉన్న బావి లేదా కాలువ వంతెన అయితే మంచిది. ఇప్పుడున్న గట్టు నుంచి మొదలుపెడితే, జరిగిన గట్టునే ఖాయం చేసుకున్నట్టు
- పాత పటంలోని కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు
- సెంటుకు 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. ఎకరానికి 100 సెంట్లు
- కొలత పూర్తయ్యాక సర్వేయరు ఇచ్చే నివేదిక, స్కెచ్ నకలు అడిగి తీసుకోండి. హాజరైనవారి సంతకాలు ఉన్నాయో లేదో చూసుకోండి

గట్టు జరగడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏటా దుక్కిలో ఒక చాలు అటు తిరిగితే చాలు. 100 అడుగుల గట్టు 4 అడుగులు జరిగితే 400 చదరపు అడుగులు పోయినట్టు, అంటే 44 గజాల పైచిలుకు. రాజధాని ప్రకటన తర్వాత ఈ చుట్టుపక్కల గజం ధర ఎలా పెరిగిందో చూసినవారికి లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. కొలిపిస్తే ఫలితం మీకే అనుకూలంగా రావాలని లేదు. మా దొడ్డి కొలిపించినప్పుడు పక్కవారి ఆక్రమణ బయటపడుతుందని ఎదురుచూశాను. తీరా మా ప్రహరీయే అడుగున్నర వాళ్ల వైపు ఉందని తేలింది. దాని సంగతి చివర చెబుతాను.

రీసర్వేలో మీ విస్తీర్ణం తగ్గినట్టు, లేదా పక్కవారితో కలిపి ఒకే ఎల్‌పీ నంబరు ఇచ్చినట్టు కనిపిస్తే అది వేరే దరఖాస్తు. తహసీల్దారుకు లిఖితపూర్వకంగా ఇచ్చి, అక్కడ కదలకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి.

5. హద్దు వేయండి, ఉనికి చూపించండి

కొలత అయిన వారంలోపే రాళ్లు పాతించండి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, పైపైన పాతిన రాయి రెండేళ్లలో ఒరిగిపోతుంది. గుంత లోతుగా తీసి కింద కాంక్రీటు వేయించండి. ప్రహరీ కట్టే స్తోమత లేకపోతే నాలుగు మూలలా సిమెంటు స్తంభాలు, నడుమ ముళ్లతీగ చాలు.

బోర్డు మీద సర్వే నంబరు, విస్తీర్ణం, యజమాని ఇంటిపేరుతో సహా పేరు రాయించండి. 'ఆక్రమణదారులు శిక్షార్హులు' లాంటి బెదిరింపు అక్కర్లేదు. దాన్ని చదివి భయపడేవాడు ఎలాగూ ఆక్రమించడు.

ఊరికి వెళ్లిన ప్రతిసారీ చేయాల్సినవి:

- నాలుగు మూలల నుంచి ఫోటోలు. స్థానం, తేదీ కనిపించేలా ఫోనులో అమర్చుకోండి
- హద్దు రాళ్లు ఉన్నాయో లేదో లెక్క
- పన్నో, శిస్తో కట్టి రసీదు
- కంప నరికించినా, మట్టి తోలించినా కూలీ ఇచ్చిన వివరం ఒక నోటుపుస్తకంలో
- ఎవరైనా కొత్తగా ఏదైనా పెట్టారా అన్న ఒక వాక్యం

ఖాళీ స్థలం చేయి జారే క్రమం ఒకటుంది, దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. మొదట పెంటదిబ్బ. తర్వాత గడ్డివాము. గేదెకు ఒక గుంజ. ఎండకు పైన నాలుగు తాటాకులు. తాటాకుల చోట రేకులు. రేకుల కిందికి ఒక కరెంటు మీటరు. ఆఖరున ఇంటి పన్ను రసీదు. దిబ్బ దగ్గర మాట్లాడితే నవ్వుతూ ముగుస్తుంది. మీటరు దగ్గర మొదలుపెడితే దావాతోనే ముగుస్తుంది.

6. అనుమతి ఇవ్వండి, కాగితం మీద ఇవ్వండి

పక్కవాళ్లు ఖాళీ జాగా వాడుకోవడం ఊళ్లో సహజం. వద్దని కంచె వేసి శత్రుత్వం తెచ్చుకోవడం కంటే, వాడుకోనిచ్చి కాగితం రాయించుకోవడమే తెలివైన పని. వాళ్ల కళ్లు మీ స్థలం మీద కాపలా కూడా.

చిక్కంతా అడగడంలో ఉంది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషిని సంతకం పెట్టమనడం ఎలా? ఇలా అడిగి చూడండి: "బాబాయ్, గడ్డి వేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. రేపు మా పిల్లలకూ మీ పిల్లలకూ మాట రాకుండా ఒక ముక్క రాసుకుందాం." నిజంగా గడ్డి కోసమే వేసేవారు సంతకం పెడతారు. 'మన మధ్య కాగితాలేమిటి' అని మాట దాటవేస్తే, వెంటనే మూడో నంబరు, నాలుగో నంబరు పనులు పూర్తి చేయండి.

కాగితం ఇలా ఉంటే సరిపోతుంది:

"ఫలానా గ్రామం, సర్వే నంబరు ఇంత, విస్తీర్ణం ఇంత గల ఖాళీ స్థలం శ్రీ ఫలానా వారిది. అందులో వాయవ్య మూలన సుమారు ఇన్ని గజాల మేర గడ్డివాము వేసుకోవడానికి వారి అనుమతితో ఫలానా తేదీ నుంచి వాడుకుంటున్నాను. ఈ స్థలంపై నాకు ఎలాంటి హక్కూ లేదు. వారు కోరిన 30 రోజుల్లో ఖాళీ చేసి అప్పగిస్తాను."

సంతకం వాడుకునేవారిది. చాలామంది పొరపాటున యజమాని సంతకంతో అనుమతి పత్రం రాసి వాళ్ల చేతికిస్తారు, తమ దగ్గర ఏమీ ఉంచుకోరు. ఇద్దరు సాక్షులు, తేదీ తప్పనిసరి. ఏటా కొత్త తేదీతో మళ్లీ రాయించుకోండి. 12 ఏళ్లు నిండకముందు ఇలా 'ఇది మీదే' అని ఒప్పుకుంటూ పెట్టిన సంతకం, ఎదురు నిలిచాననే వాదనను అక్కడికక్కడే పడగొడుతుంది.

పొలం కౌలుకు ఇచ్చేవారి భయం ఇంకోటి: రాతకోతలు పెట్టుకుంటే కౌలుదారుకు హక్కు వస్తుందని. రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం, 2019 కింద ఇచ్చే కార్డు 11 నెలలకే, అదీ పంట రుణం, బీమా, నష్టపరిహారం వంటి వాటికే. భూమి మీద హక్కు ఇవ్వదు. నోటిమాట కౌలు మీద ఏళ్లు గడవడమే అసలు ప్రమాదం. 1956 కౌలుదారీ చట్టం కింద కౌలుదారును మీ అంతట మీరు లేపలేరన్నది కూడా గుర్తుంచుకోండి, దానికి వేరే దారి ఉంది.

విదేశాల్లో ఉన్నవారు అధికార పత్రం రాసేటప్పుడు అమ్మే అధికారం ఇవ్వనక్కర్లేదు. కొలిపించడం, పన్ను కట్టడం, దావా వేయడం వరకే రాయండి. అక్కడ రాసిన పత్రం ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి.

7. అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటే

వరుస తప్పకండి.

మొదటి రోజు ఫోటోలు, వీడియో తీయండి. పాక ఎప్పుడు వేశారో తెలిసినవారి పేర్లు రాసుకోండి. రాత్రికి రాత్రి మనుషుల్ని తీసుకెళ్లి పీకించడం మాత్రం చేయకండి. మీ స్థలమే అయినా, స్థిరంగా ఉన్నవారిని చట్టప్రకారమే ఖాళీ చేయించాలి. లేకపోతే కేసు మీ మీదకే తిరుగుతుంది.

మీరు స్వాధీనంలో ఉండగా వెళ్లగొట్టి 6 నెలలు దాటకపోతే, నిర్దిష్ట పరిహార చట్టం, 1963లోని 6వ సెక్షన్ మీకు అందుబాటులో ఉన్న పదునైన ఆయుధం. అందులో హక్కు ఎవరిదన్న చర్చ లేదు. నిన్నటిదాకా ఎవరి చేతిలో ఉంది, ఎవరు అక్రమంగా వెళ్లగొట్టారు అన్నవే చూస్తారు. ఇది ప్రభుత్వం మీద వేయడానికి వీల్లేదు.

6 నెలలు దాటితే:

- ముందు ఎఫ్-లైన్ కొలత. ఎన్ని గజాలు, ఏ వైపు అన్నది స్కెచ్ మీద ఉండాలి
- పెద్దల సమక్షంలో ఒక విడత మాటలు. ఒప్పందం కుదిరితే రాసుకోవాలి, ఖాళీ చేసే తేదీతో సహా
- కుదరకపోతే న్యాయవాది ద్వారా నోటీసు. తిరుగు జవాబు వస్తే భద్రపరచండి. 'మీ నాన్నగారు వాడుకోమన్నారు' అని అందులో రాస్తే, వాళ్లే అనుమతి ఒప్పుకున్నట్టు
- తర్వాత దావా

ఏ దావా వేయాలన్నది న్యాయవాదితో నిదానంగా తేల్చుకోండి. స్థలం మీ చేతిలోనే ఉండి, అడ్డు వస్తున్నారంటే ఇంజంక్షన్ (అడ్డు రావద్దనే కోర్టు ఉత్తర్వు) చాలు. స్థలం వాళ్ల చేతిలో ఉంటే స్వాధీనం కోరాలి. మీ హక్కునే కాదంటుంటే హక్కు ప్రకటన కూడా కోరాలి. ఫీజు తక్కువని ఒట్టి ఇంజంక్షన్ దావా వేసి, ఏడెనిమిదేళ్ల తర్వాత 'హక్కు ప్రకటన అడగలేదు' అని కొట్టివేయించుకున్నవారు ఉన్నారు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2008లోనే విడమరిచి చెప్పింది. ఆ ఏడెనిమిదేళ్లలో ఇక్కడ 12 నిండిపోవచ్చు.

దావాలో సర్వేయరు సాయంతో అడ్వకేట్ కమిషనర్‌ను పంపమని కోర్టును అడగవచ్చు. దావా నడుస్తుండగా రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో రాయించుకోండి. ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది.

పోలీసుల సంగతి: కొత్తగా చొరబడితే అక్రమ ప్రవేశం కింద ఫిర్యాదు ఇవ్వవచ్చు. పాత హద్దు తగాదా అయితే సివిల్ వ్యవహారం అంటారు. వాళ్లు అలా అనడంలో తప్పులేదు.

8. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

"మ్యుటేషన్ నా పేరున ఉంది, ఇంకేం భయం." రెవెన్యూ నమోదు హక్కు పత్రం కాదు. దస్తావేజుల వరుస చూసుకోండి.

"పక్కాయన నా స్థలంలోంచి ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాడు, స్థలం ఆయనదైపోయింది." లేదు. 20 ఏళ్లు అడ్డు లేకుండా హక్కుగా నడిస్తే దారి హక్కు రావచ్చు, అది నడవడానికే. నేల మాత్రం మీది.

"జీపీఏ (అధికార పత్రం) మీద కొన్నాను, అదే చాలు." సుప్రీంకోర్టు 2011లో ఇలాంటి బదిలీలకు హక్కు రాదని చెప్పింది. అమ్మినవారు దొరుకుతుండగానే రిజిస్టరు అమ్మకపు దస్తావేజు రాయించుకోండి.

"అన్నయ్య చూసుకుంటున్నాడు." చూసుకోనివ్వండి. కానీ పంపకం రిజిస్టరు చేయించుకోండి, తర్వాత మీ వాటాకు విడిగా హద్దు వేయించుకోండి.

9. పక్క ఖాళీ స్థలం వాడుకుంటున్నది మీరే అయితే

ఈ ప్రశ్న కూడా వస్తుంది, కాస్త గొంతు తగ్గించి. పక్క దొడ్డి యజమానులు ఎక్కడో ఉన్నారు, పదేళ్లుగా మేమే బాగుచేసుకుంటున్నాం, మాకు రాదా అని.

నా సలహా: ఆ ఆశ మీద పునాది తీయకండి. నిరూపించే భారమంతా మీదే. 'యజమాని ఎవరో మాకు తెలియదు' అన్నారంటే ఎవరికి ఎదురు నిలిచారో చెప్పలేకపోయినట్టు. పైగా అలాంటి స్థలంలో కట్టిన గదికి బ్యాంకు అప్పు ఇవ్వదు, కొనేవాడు సగం ధర అడుగుతాడు. మంచి దారి యజమానిని వెతకడమే. ఈసీలో పేరు, పంచాయతీ పన్ను పుస్తకంలో చిరునామా, ఊళ్లో వాళ్ల బంధువులు, ఈ మూడిట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. దూరాన ఉన్నవారికి ఆరు సెంట్ల దొడ్డి బరువే. ధర కుదిరితే అందరు వారసుల సంతకాలతో కొనండి, డబ్బు ఇచ్చేముందు కొలిపించండి.

మా అడుగున్నర గోడ సంగతి అలాగే తేల్చుకున్నాం. తాత కట్టిన గోడ అది. 12 ఏళ్లు ఎప్పుడో దాటాయని వాదించవచ్చని ఒకరిద్దరు చెప్పారు. వాదించలేదు. గోడ కింద పోయిన నేలకు సమానంగా వెనకవైపు మా దొడ్డిలో ముక్క ఇచ్చి, మార్పిడి దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నాం. లేఖరి హద్దులు రాస్తూ 'పడమర: పక్కవారి దొడ్డి' అనబోతే, పొరుగాయన ఆపారు. తన పూర్తి పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు చెప్పి రాయించారు. "పాత దస్తావేజులో సుబ్బయ్య ఎవరో తెలుసుకోవడానికి నువ్వు మూడు ఇళ్లు తిరిగావు కదా అబ్బాయ్, నా పేరు కోసం మీ మనవడు తిరగకూడదు" అన్నారు.